బ్రేకు మేడం చిరునామా

కోపమొస్తే కొందరు కంచం విసిరేస్తారు, కొందరు ముసుగు తన్ని పడుకుంటారు. నేను కారు తీసుకుని కొండలెక్కాను.

ఇరవై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళకి కారు నడపడం నేర్పాను. స్కూలు మా అన్నయ్యది. బోర్డు మీద పేరు ఆయనది, పొద్దున్న ఆరింటి నుంచీ ఎండలో తిరిగేదాన్ని నేను. నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే బండి ఆపేది ఆ బ్రేకే. పొద్దస్తమానం దాని మీద కాలు పెట్టుకుని కూర్చుంటానని నాకు బ్రేకు మేడం అని పేరు పడిపోయింది. డాక్టర్లకీ నేర్పాను, పూలమ్మే ఆవిడకీ నేర్పాను. పెళ్ళెందుకు చేసుకోలేదని మాత్రం అడక్కండి. జవాబుంది, మీకు చెప్పను.

మా మేనల్లుడికీ నేనే నేర్పాను. వాడికి నడపడం వచ్చు, నేర్పడం రాదు, నేర్పడానికి కావలసిన సర్టిఫికెట్టూ లేదు. అయినా పోయిన నెల అన్నయ్య వాణ్ణి తెచ్చి నా సీట్లో కూర్చోబెట్టాడు. "అత్తా, నువ్విక ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకో" అన్నాడు వాడు, నా మొహం చూడకుండా. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. సరే, ఆ కొమ్ముల్ని పెంచింది నేనే, నా ఖర్మ. కానీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "పక్కన కూర్చోవడానికేముందే, ఎవరైనా కూర్చుంటారు" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను చేసింది పక్కన కూర్చోవడమట! అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడే బట్టలు రెండు సంచుల్లో కుక్కాను. నా పేరు మీదున్న పాత కారు ఒకటుంది, దాని తాళాలు తీసుకున్నాను. ఎక్కడికని వదిన అడిగింది. "మీ మొహాలు కనపడని చోటికి" అన్నాను. కొండల మీద ఏదో ఒక ఊళ్ళో గది చూసుకుని, నా స్కూలు నేనే పెట్టుకుంటానన్నాను. అని విసవిసా వెళ్ళి, అలవాటు కొద్దీ పక్క సీట్లో కూర్చున్నాను. వదిన గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. మళ్ళీ దిగి, చుట్టూ తిరిగి, అటువైపు తలుపు తీసుకుని ఎక్కాను. కోపంగా వెళ్ళిపోయేటప్పుడు పగవాడికి కూడా వద్దు ఆ అవమానం.

మొదటి ఊళ్ళో లాడ్జి అతను నా వెనక ఖాళీ కారులోకి తొంగిచూశాడు.

"మీవాళ్ళేరీ?"

"లేరు."

"ఒంటరి ఆడవాళ్ళకి గది ఇవ్వమండీ."

"ఒంటరి మగవాళ్ళకి?"

"ఇస్తాం."

"ఏం, వాళ్ళు వెళ్ళేటప్పుడు దుప్పట్లు ఉతికిస్తారా?"

ఆ ఊళ్ళో టీ చుక్క కూడా తాగకుండా పైకి పోయాను. దారిలో ఒక మలుపు దగ్గర పెద్ద కారొకటి ఎదురొచ్చి, నన్నే వెనక్కి పొమ్మని హారను మోగించింది. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను ఇంజను ఆపేసి కూర్చున్నాను. ఆయన వంకరటింకరగా వెనక్కి పోతుంటే చూడలేక, "అద్దం చూడవయ్యా, అద్దం!" అని కిటికీలోంచి అరిచాను. నోరు ఊరుకోదు కదా!

రెండో ఊళ్ళో గది దొరికింది. ఇంటాయన పూటకోసారి "సారెప్పుడొస్తారు?" అని అడిగేవాడు. మూడో రోజు "సారు పోయారు" అన్నాను. ఇక ఓదార్పు మొదలెట్టాడు. లేని మొగుడికి ఎంతసేపని ఏడుస్తాం? సంచులు సర్దేశాను. మూడో ఊరు బాగానే ఉంది, మనుషులూ మంచివాళ్ళే. పోట్లాడ్డానికి ఎవరూ దొరక్క వచ్చేశాను.

నాలుగో ఊళ్ళో రొట్టెల దుకాణం ఆవిడ తన మేడ మీది గది ఇచ్చింది. కింద పొయ్యి వల్ల నేల ఎప్పుడూ వెచ్చగా ఉండేది. "తెల్లారకముందే పిండి కలిపే మిషను మోగుతుంది, పరవాలేదా?" అని తప్ప ఇంకేమీ అడగలేదు. ఎన్నాళ్ళుంటారంటే రెండ్రోజులన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇల్లు వదిలిన పదకొండు రోజులూ నా కళ్ళు ఫోను మీదే. అన్నయ్య "తప్పయిందే, రా" అంటే చాలు, ఉన్నపళంగా కొండ దిగిపోయేదాన్ని.

పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు.

"తప్పయిందే, వచ్చెయ్. నీ సీటు నీకే. బోర్డు మీద నీ పేరు కూడా రాయిస్తాను."

ఏడుపు తన్నుకొచ్చింది. ఇప్పుడే బయల్దేరుతున్నానన్నాను. అప్పుడు నెమ్మదిగా బయటపెట్టాడు. గడియారాలు బాగుచేసే ఆయన కూతురు, నా దగ్గర ఆరు పాఠాలు నేర్చుకున్న పిల్ల, మొన్న కారుని స్తంభానికి గుద్దేసింది. మణికట్టు విరిగింది. పక్క సీట్లో ఉన్నది మేనల్లుడు.

"పోలీసులు పక్కనెవరున్నారని అడుగుతున్నారు. నువ్వున్నావని ఒక్క సంతకం పెట్టు. నీ మీద ఇన్నేళ్ళలో మచ్చ లేదు, మందలించి వదిలేస్తారు. వాడి పేరు చెబితే స్కూలు మూసేస్తారే."

"ఆ పిల్లకి తెలుసు కదా ఎవరున్నారో!"

"భయంలో దానికేం గుర్తుంటుందంటాం."

"నేనిక్కడ కొండ మీదున్నాను కదా అన్నయ్యా!"

"నువ్వెక్కడున్నావో ఎవరికి తెలుసే? నిన్నెవరు చూశారు?"

ఏమన్నానో నాకే గుర్తులేదు. తిట్టాను, బాగా తిట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావని ఆయనా తిట్టాడు. ఫోను పెట్టేసి, వెంటనే గడియారాలాయనకి చేశాను. కూతురే తీసింది.

"మేడం, తప్పంతా నాదేనట. అందరికీ అదే చెబుతున్నారు. ఇంక జన్మలో కారు ముట్టుకోను."

"ముందు ఏడుపాపు. ఏం జరిగిందో చెప్పు."

"కుక్క అడ్డమొచ్చింది. నేను బ్రేకు వేస్తూనే ఉన్నాను మేడం. ఆయన స్టీరింగు పట్టుకుని లాగేశారు."

నా ఒళ్ళు భగ్గుమంది. నేర్పేవాళ్ళు ఎంత ముంచుకొచ్చినా కాలే వాడాలి. నేర్చుకునేవాళ్ళ చేతిలోంచి స్టీరింగు లాగితే బండి ఇద్దరి మాటా వినదు.

"తప్పు నీది కాదు తల్లీ! విన్నావా? నీది కాదు!"

నా అరుపుకి రొట్టెలావిడ పిండి చేతులతో పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఫోను తండ్రి తీసుకున్నాడు.

"మేడం, ఆ సీట్లో మీరు లేరన్న మాట స్టేషన్లో చెబుతారా?"

"ఎవరి ముందైనా చెబుతాను."

"సాక్షిగా మీ పేరు కింద చిరునామా రాయాలట. చెప్పండి."

అన్నయ్య ఇంటి నంబరు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏమండీ, ఈ ఇంటి నంబరెంత?" అని రొట్టెలావిడని అడిగాను.

"ఎందుకూ? రెండ్రోజుల్లో వెళ్ళిపోతానన్నారుగా?"

"వెళ్ళను. నంబరు చెప్పండి."

ఆవిడ నంబరు, వీధి, ఊరు చెప్పింది. ఒక్కొక్క ముక్కే ఫోనులోకి అరిచి చెప్పాను. రాసుకున్నానన్నాడాయన. నేను ఊరుకోలేదు, మొదటి నుంచీ చదివించుకున్నాను.