తూకానికి ముందు పెట్టిన అన్నం

ఇరవై ఏళ్లు ఒక మాటను మింగలేక కక్కలేక బతికాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త సులువు. పేరు మాత్రం అడగకండి. తప్పు నాది, అది చాలు.

నేను సౌదీలో, హుఫూఫ్ అనే ఊళ్లో, ఒక ఖర్జూరాల కంపెనీలో కోల్డ్ స్టోరేజీ మెకానిక్‌ని. ఊరు కడప వైపు. ఒకప్పుడు మా కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్‌ని. ఆ కాలేజీలో చదివినవాళ్లం ఇక్కడ అయిదుగురం ఉన్నాం. శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఒక తోటలో చాప పరుచుకుని, ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటాం. తిన్నంతసేపూ ఒకటే గొడవ. మా జట్టులో ఏ కాలపు రైడర్ గొప్ప?

ఈమధ్య పాత విద్యార్థులంతా కలిసి కాలేజీ పేరున ఒక సంచిక వేస్తామన్నారు. మూడు తరాల రైడర్ల ఆటతీరును పోల్చి వ్యాసం రాయమని నాకు అప్పగించారు. నాలుగు ముక్కలు రాయగలనని నాకు పేరుంది కదా. సంబరంగానే కూర్చున్నాను.

మొదటి తరం గబగబా వచ్చేసింది. మాకు ముందు సుబ్బన్న అనే సీనియర్ ఉండేవాడు. మట్టి కోర్టు, ఒట్టి కాళ్లు, బక్క మనిషి. ఊపిరే అతని బలం. అవతలి కోర్టులో ఊరికే నిలబడి కూత పెడుతూనే ఉండేవాడు. పట్టేవాళ్లకు ఓపిక నశించి ఒకడు ముందుకు దూకేవాడు, వాణ్ణి తాకి మామూలుగా నడిచి వచ్చేసేవాడు. ఇప్పటి పిల్లల సంగతీ రాశాను. బూట్లు, మ్యాట్, ముప్పై సెకన్ల గడియారం. వీడియోల్లో చూస్తుంటాను, పట్టడానికి వంగినవాడి మీంచి ఎగిరి నడిగీత దగ్గర పడతారు. చూడముచ్చటగా ఉంటుంది. సుబ్బన్న ఊపిరి వాళ్లకు ఉందా అంటే, ఆ అవసరం గడియారం రానివ్వదు.

మధ్య తరం దగ్గర కలం ఆగింది. మధ్య తరం అంటే మహబూబ్, నేను.

మహబూబ్‌ది తాకి పారిపోయే ఆట కాదు. నేరుగా వాళ్ల మధ్యకే పోయేవాడు. ముగ్గురు నడుం పట్టినా కూత విడవకుండా, ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యి పెట్టేవాడు. నాది దొంగ ఆట. బొటనవేలితో ఒక అంటు, వెనక్కి పరుగు. అదీ ఒక విద్యే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కానీ జనం ఈల వేసేది ఎవరికో నాకు తెలియదా?

ఆ ఏడు యూనివర్సిటీ జట్టు ఎంపికలు వచ్చాయి. మా కాలేజీ నుంచి ఒక్క రైడర్‌కే చోటు. పోలీసు జట్టువాళ్లు బరువైన రైడర్ కోసం చూస్తున్నారనీ, ఆట చూడ్డానికి వాళ్ల మనిషి వస్తాడనీ అందరూ అనుకున్నారు. మహబూబ్‌కు ఆ ఉద్యోగం వచ్చినట్టే.

కబడ్డీలో తూకం ఉంటుంది. ఎనభై అయిదు కిలోలు దాటితే ఆడనివ్వరు. మహబూబ్ ఎప్పుడూ అటో ఇటో ఉండేవాడు. అందుకని ముందు రోజు నుంచి నీళ్లు కూడా మానేసి, ఎండలో స్వెటర్ వేసుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తేవాడు. తూకం అయిందనగానే అక్కడే కూర్చుని ఆవురావురుమని తినేవాడు. బరువు ఎక్కువున్న ఆటగాళ్లందరూ చేసే పనే అది.

ఎంపికల రోజు ఉదయం మాకు కబడ్డీ నేర్పే సార్ నన్ను పిలిచి, తూకం పదకొండింటికి మార్చారనీ, అంతవరకు ఏమీ తినొద్దని మహబూబ్‌కు చెప్పమనీ పంపాడు. వెళ్లాను. గోడ నీడలో పెదాలు ఎండిపోయి కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

“ఏం మామా, తూకం ఎప్పుడంట?”

“మనోళ్లది అయిపోయింది లేబ్బా. సార్ నీ పేరు రాయించేసినాడు.”

“నన్ను మిషన్ ఎక్కించకుండానేనా?”

“ఆయనకు తెలిసినోళ్లు ఉండారంట. ఇంగ తినొచ్చు, తిను.”

మా అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం క్యారియర్ నేనే విప్పాను. నీళ్లు నేనే పోశాను. ఎంత తిన్నాడో, ఎన్ని గ్లాసులు తాగాడో ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ ఆకలి చూసైనా నా నోరు పెగలొద్దా? పెగల్లేదు.

పదకొండింటికి మహబూబ్‌ను పిలిచి మిషన్ ఎక్కించారు. ముల్లు ఎనభై ఆరు దాటింది. అతని చోట నేను ఆడాను.

మహబూబ్ అందరి ముందూ సార్ మీదికి పోయి అనరాని మాటలన్నాడు. “నేను చెప్పి పంపినా కదరా” అంటూ సార్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ మౌనమే సార్ మీద సాక్ష్యమైంది. మహబూబ్ కాలేజీ మానేసి లారీ ఎక్కాడు. మళ్లీ సార్ ముఖం చూడలేదు.

ఎందుకు చేశాను? అసూయ అని ఒక్క మాటలో చెప్పేస్తే అందులో కూడా కొంత దాచినట్టే, ఎందుకంటే ఆ క్షణంలో నాకు కోపం లేదు, కసి లేదు, మహబూబ్ అంటే ప్రేమే ఉంది, అయినా నోరు అబద్ధమే ఆడింది, ఆడాక వెనక్కి తీసుకోవడానికి రెండు గంటల టైమున్నా తీసుకోలేదు. దక్కింది ఏమిటి? ఒక సర్టిఫికెట్. పోలీసు జట్టాయన నా ఆట చూసి పెదవి విరిచాడు.

ఆ తర్వాత నన్ను ఈ దేశం తెచ్చింది కూడా మహబూబే. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేరి, తన కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, బతిమాలి, ఆయన బంధువుల కంపెనీలో నాకు వీసా ఇప్పించాడు. ఇంకో మాట చెప్పాలి. ప్రతి శుక్రవారం పళ్లెం ముందు కూర్చోగానే నా వైపు తిరిగి, “తూకం అయిపోయిందా మామా? తినొచ్చా?” అంటాడు. అందరూ నవ్వుతారు. “అయిపోయింది, తిను” అంటాను. అంటే వారం వారం అదే అబద్ధం మళ్లీ చెబుతున్నాను.

వ్యాసంలో మొదట, బరువు అదుపులో పెట్టుకోలేక మహబూబ్ వెనకబడ్డాడని రాశాను. చదువుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది. కొట్టేశాను. ఇక చాలు అనుకున్నది అప్పుడే.

పోయిన శుక్రవారం కబ్సా పళ్లెం, మాంసం వేసి వండిన ఇక్కడి అన్నం, మధ్యలో పెట్టారు. మహబూబ్ ఎప్పటిలాగే అడిగాడు.

“కాలేదు,” అన్నాను. “ఆ పొద్దు గూడా కాలేదు. పదకొండింటికని సార్ నాతో చెప్పి పంపినాడు. తెలిసే నీకు అన్నం పెట్టినా.”

ముద్ద పట్టుకున్న అతని చెయ్యి పళ్లెంలోనే ఆగింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

“సార్‌ను ఎన్నెన్ని మాటలంటి,” అన్నాడు. నాతో కాదు. ముద్ద పళ్లెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, బండెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు సార్‌కు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. అంతా విని, “మహబూబ్ నిన్ననే చేసినాడు. శానా ఏడ్సినాడు,” అని పెట్టేశాడు. క్షమించమని ఇద్దరినీ అడగలేదు. అడిగితే అదీ వాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టడమే.

వ్యాసం పూర్తయింది. మధ్య తరం కింద మహబూబ్ ఆట గురించే రాశాను. నా పేరు దగ్గర, ఆ చోటు నాకు ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాశాను. సంచికలో వేస్తారో లేదో వాళ్ల ఇష్టం.

ఈ శుక్రవారం మహబూబ్ రాలేదు. ఇక వస్తాడో రాడో తెలియదు. మిగతావాళ్లు నాతో మాట్లాడలేదు గానీ, చాప మీద చోటిచ్చారు. తూకం అయిందా అని నన్నెవరూ అడగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, అబద్ధం చెప్పకుండా తిన్నాను.