ఓడలో ఎనిమిది మందే

మా సంఘపెద్దకు నోవహు ఓడంటే ప్రాణం. చూపుడువేలు మా మీద తిప్పి, "లోకమంతా మునిగింది, ఓడలో ఎనిమిది మందే!" అనేవాడు. వాళ్లింట్లోనూ సరిగ్గా ఎనిమిది మందే.

ఆదివారం ప్రసంగంలో మమ్మల్ని ముంచి, సోమవారం కాలువకు ఇసుక బస్తాలు అడ్డేసి నీళ్లన్నీ తన చేలోకి తిప్పుకునేవాడు. దిగువన నా మిరపతోట ఎండుతుంటే, "నీ పాపంరా" అనేవాడు.

ఒక వానకు ఆ బస్తాల దగ్గరే కట్ట తెగింది. ఆయన తన చేలోనే నడుంలోతు నీళ్లలో చిక్కుకున్నాడు. ట్రాక్టరేసుకుని వెళ్లాను.

"ఒరేయ్, కృప చూపించరా!"

కృప అనే మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"ఓడలో ఎనిమిది మందేగా పెద్దయ్యా, నువ్వేంది తొమ్మిదో వాడివి?" అంటూనే చెయ్యిచ్చి లాగాను.

ఎక్కి కూర్చోగానే వేలు లేచింది.

"నీతిమంతుణ్ని దేవుడు ముంచడురా. పద, బస్తాలు మళ్లీ వేద్దాం."