మొగిలయ్య కట్టిన ధర

నాచారంలో పాత కార్లు చూసిపెట్టేవాళ్ళకు కొదవలేదు. వాళ్ళకు బండి చూడటమంటే బానెట్ ఎత్తడం, టైరును కాలితో తన్నడం, చేదు మందు మింగినట్టు మొహం పెట్టడం. మొగిలయ్య ఇవేవీ చేయడు. పక్క సీట్లో కూర్చుని ఇంజన్ ఆన్ చేయమంటాడు, కళ్ళు మూసుకుంటాడు. నిద్రపోయాడనుకుని భుజం తట్టి లేపినవాళ్ళూ ఉన్నారు. అయిదు నిమిషాలకు కళ్ళు తెరిచి ఒకే ఒక్క అంకె చెబుతాడు. ఆ పూటకు పని అయిపోయినట్టే, వెయ్యి రూపాయలు తీసుకుని వెళ్ళిపోతాడు.

ఈ విద్య తండ్రిది. ఆయన పరకాల వైపు పశువుల అంగట్లో దళారి. ఎద్దు మెడ మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని ధర కట్టేవాడట. ఆయనకొక పట్టుదల ఉండేది: తాను ధర కట్టిన పశువును తాను కొనడు. అలా కొంటే ధర చెప్పే నోటికి ఆశ అంటుకుంటుందని ఆయన భయం. కొడుకు ఎద్దుల నుంచి కార్లకు మారాడు గానీ ఆ పట్టుదలను మాత్రం వదల్లేదు.

మొగిలయ్య భార్య కౌసల్యకు బస్సు పడదు. ఎక్కిన పది నిమిషాలకే కడుపులో తిప్పుతుంది. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా ఆమె యాదగిరిగుట్ట చూడలేదంటే వినేవాళ్ళకే సిగ్గేస్తుంది, ఉప్పల్ నుంచి ఎంత దూరమని? చిన్న కారు కొని, అద్దం దించి, మెల్లగా తీసుకుపోతానని మొగిలయ్య మాటిచ్చి ఏడేళ్ళయింది. లక్షా పది వేలు కూడబెట్టాడు కూడా. కానీ ఆ డబ్బుకు దొరికే బండ్లను ఆయన చెవి ఒప్పుకోదు. చెవి ఒప్పుకున్న బండ్లకు డబ్బు చాలదు.

మొన్న మార్చిలో త్రిపురసుందరి గారు కబురు పెట్టారు. ఆవిడ కాకినాడ వైపు మనిషి, రిటైరైన లెక్కల టీచరు. పన్నెండేళ్ళు తానే నడుపుకుంటూ స్కూలుకు వెళ్ళిన తెల్ల కారును అమ్మాలనుకున్నారు. చూపు మసకబారింది, ఇక స్టీరింగ్ పట్టొద్దని డాక్టరు చెప్పాడు. అపార్ట్‌మెంట్ కింద నిలిపిన కారులో ఆవిడే కూర్చుని తాళం తిప్పారు. మొగిలయ్య పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

ఇంజన్ ఎంత మెత్తగా పాడుతోందంటే, ఆయన ధర సంగతే మర్చిపోయాడు. ఉన్నచోటి నుంచి కదలని కారు ఆయన లోపల కదిలింది. ఉప్పల్ దాటింది, ఘట్‌కేసర్ దాటింది. దారి పక్కన వరి మళ్ళు పచ్చగా వెనక్కి పోతున్నాయి. పక్కన కౌసల్య. గాలికి ఆమె జుట్టు చెదురుతోంది, సర్దుకోవడం కూడా మానేసి బయటికే చూస్తోంది. భువనగిరి గుట్ట దూరంగా నీలంగా కనిపించి, దగ్గరికొచ్చి, వెనక్కి వెళ్ళింది. ఇంకాసేపు అలాగే ఉండిపోవాలనిపించింది.

"ఫోన్లో పాత కార్లు కొనేవాళ్ళను చూసి పిలిస్తే ఎవరో వచ్చి తొంభై అయిదు వేలన్నారండీ," ఆవిడ మాట ఎక్కడినుంచో వినిపించింది. "లక్ష వస్తే చాలనుకుంటున్నాను. మీరే తీసుకుంటానన్నా నాకు సంతోషమే."

మొగిలయ్య కళ్ళు తెరిచాడు. నేనే తీసుకుంట అన్న మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఇంకా ధర కట్టలేదు కదా, తప్పేముందని మనసు వకీలు పెట్టుకుని వాదించింది. కానీ చెవిలో అంకె అప్పటికే పడిపోయింది.

"లక్షా అరవై, మేడమ్. రూపాయి తక్కువకియ్యకున్రి."

"అంత వస్తుందంటారా?"

"వస్తది."

ఇంటికి నడుస్తూ, చచ్చి స్వర్గాన ఉన్న తండ్రిని దారి పొడవునా తిట్టుకున్నాడు. కౌసల్యకు ఏదీ దాచలేదు, మనసు జారబోయిన సంగతితో సహా చెప్పేశాడు. ఆమె విని, ఊఁ కొట్టి, బియ్యం కడగడానికి లేచింది. నాలుగు రోజులైనా ఆ ఊసు ఎత్తలేదు. అరిచినా బాగుండేదనుకున్నాడు మొగిలయ్య.

అయిదో రోజు బోడుప్పల్ నుంచి హరిత, తేజేష్ అనే జంట వచ్చి, త్రిపురసుందరి గారు అడిగిన లక్షా అరవై ఇచ్చి ఆ కారు కొన్నారు. ఇద్దరికీ నడపడం సరిగా రాదు, బండి ఇంటికి చేర్చమని, ఆవిడ పిలిపించిన మొగిలయ్యను బతిమాలారు.

"తెస్త సార్. మా ఇంటామె గూడ పక్కన కూసుంటది, ఏమన్న ఫికరా?"

"ఫికరేంది అన్నా, తీస్కరా," అన్నాడు తేజేష్.

కౌసల్య పండక్కి కొన్న చీర కట్టుకుని, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని, భయంభయంగా ఎక్కింది. మొగిలయ్య నడిపిన నెమ్మదికి వెనక ఆటోలవాళ్ళు హారన్లతో తిట్టిపోశారు. హబ్సిగూడ వచ్చింది, మెట్రో నీడ పడుతూ లేస్తూ సాగింది, ఉప్పల్ వెనకబడింది. బోడుప్పల్ మలుపు దగ్గర పెద్ద రోడ్డు తిన్నగా యాదగిరిగుట్ట వైపు వెళ్ళిపోతోంది. మొగిలయ్య కాసేపు దానివంక చూసి ఎడమకు ఇండికేటర్ వేశాడు.

గేటు ముందు కొత్త యజమానులు కొబ్బరికాయ పట్టుకుని ఎదురుచూస్తున్నారు. తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టాక మొగిలయ్యకు భార్య మొహం చూసే ధైర్యం చాలలేదు. కౌసల్య వాడని కవరును మడిచి నడుముకు దోపుకుంది. కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"కడుపుల జరంత గూడ తిప్పలే," అంది మెల్లగా. "లక్షా అరవై అంటే ఎక్కువ జెప్పినవేమో అనుకున్న గీ నాలుగొద్దులు. కాదు. సరిగ్గనే కట్టినవ్."

ఇద్దరూ ఆటో కోసం పెద్ద రోడ్డు దాకా నడిచారు.