సినిమా చూసి కొన్న చేను

ఇటిక్యాల దాటి కొంత దూరం పోయాక, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వానకు మాత్రమే పండే ఒక ఎర్రమట్టి చెల్క వస్తుంది. రెండెకరాలు. పట్టా దశరథం పేరు మీద ఉన్నా, పద్నాలుగేళ్లు దాన్ని కౌలుకు చేసింది సత్యమ్మ. బోరు లేదు, కాలువ నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు. చుట్టుపక్కల అందరూ విత్తన కంపెనీల కోసం సీడు పత్తి పెట్టుకుంటుంటే ఆ గరుకు నేలను ఎవరూ అడగలేదు, అందుకే ఆమెకు దక్కింది. అంతకుముందు ఆమె, భర్త యోహాను ఏటా పుణె పోయి బిల్డింగుల పని చేసేవాళ్లు. సిమెంటు దుమ్ముకు యోహాను ఊపిరితిత్తులు చెడిపోయాక ఊరికి తిరిగొచ్చారు.

సజ్జ, కొర్ర, కంది, అనుములు అన్నీ ఒకే చేలో సాళ్లు మార్చి వేసేది సత్యమ్మ. వాళ్లమ్మ కూలికి పోయిన చేలల్లో చిన్నప్పుడు చూసి నేర్చుకున్న పద్ధతి అది. మందులు కొట్టలేదంటే కొనే శక్తి లేకనే. పండింది ఆర్నెల్లు వచ్చేది, మిగతా ఆర్నెల్లు రేషన్ బియ్యం తినేవాళ్లు.

ఒక ఎండాకాలం హైదరాబాదు నుంచి మధు అనే అతను కెమెరాతో వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. తమ తిండి తామే పండించుకుని, నేలను పాడుచేయకుండా బతికేవాళ్ల మీద సినిమాలు తీస్తాడు. పట్నాల్లో ఉద్యోగాలు విసుగెత్తి, పల్లెకు పోయి బతకాలనుకునేవాళ్లు అలాంటి సినిమాల కోసం ఎదురుచూస్తుంటారని చెప్పాడు. ఏడాదిలో ఆరుసార్లు వచ్చి దుక్కి నుంచి కళ్లం దాకా అన్నీ తీశాడు. ఒకరోజు ఇంట్లో తీస్తూ, మూలనున్న రేషన్ బియ్యం సంచిని పక్కకు జరపమన్నాడు.

"ఎందుకు దాస్తున్నవ్ సారూ? మేం తినేదే గద," అంది సత్యమ్మ.

"తప్పని కాదమ్మా. చూసేవాళ్ల ధ్యాస అటు పోతుంది."

అదేమిటో ఆమెకు సరిగా అర్థం కాలేదు. అయినా సంచి జరిపింది.

సినిమా పూర్తయ్యాక గద్వాలలో ఒక ఫంక్షన్ హాల్లో వేశారు. భార్యాభర్తలిద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. తెల్లవారుజాము మంచులో సజ్జ కంకులు, వాటి మధ్య తన చేతులు గోడంత పెద్దగా కనిపించేసరికి సత్యమ్మ కుర్చీ అంచుకు జరిగి చూసింది. రోజూ పోయి వచ్చే చేను అంత అందంగా ఉంటుందని ఆమెకు ఆనాటి దాకా తెలియదు.

"గిది మన చేనేనా?" అన్నాడు యోహాను.

"మనదే. జూడు, కంది సాలు వంకర బోయింది. నువ్వు తోలిందే."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఎప్పుడు తలచుకున్నా, తమ కాపురంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి ఉందా అంటే ఆమెకు గుర్తొచ్చేది కాదు.

అప్పటినుంచి ఆదివారాలు కార్లు రావడం మొదలైంది. వచ్చినవాళ్ల కోసం సత్యమ్మ చర్చి ప్రార్థన కూడా మానుకుని చేను చూపించేది. వాళ్లు చెప్పులు విడిచి మట్టిలో నడిచేవాళ్లు, ఫోటోలు దిగేవాళ్లు. పోయేటప్పుడు గుప్పెడు విత్తనాలు అడిగి పొట్లం కట్టుకుపోయేవాళ్లు. ఆమె ఎవరికీ కాదనలేదు.

అలా వచ్చినవాళ్లే మాలతి, శ్రవణ్ కుమార్. ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగస్తులు. ఆ సినిమా నాలుగుసార్లు చూశామన్నారు. మళ్లీ మళ్లీ వచ్చారు. ఒకరోజు గట్టు మీద కూర్చుని మాలతి అడిగింది.

"ఇలాంటి నేల మాకూ ఉంటే ఎంత బాగుండునమ్మా! మీరు ఎప్పుడు కొన్నారు ఇది?"

"మాదెక్కడిదమ్మా! దశరథం పటేల్ది. మేం కౌలుకు జేస్తున్నం."

సినిమాలో ఆ సంగతి లేదు. మాలతి, శ్రవణ్ కుమార్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సాయంత్రమే దశరథం ఇంటికి పోయారు. నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది.

దశరథం తనే వచ్చి చెప్పాడు. "నాకు గూడ బాధే సత్యమ్మా. గానీ ఆ చెల్కను ఇన్నేండ్ల సంది అడిగినోడు లేడు. ఇప్పుడు ఇయ్యకుంటె మళ్ల ఎవరడుగుతరు?"

"మరి మేమేం జేయాలె పటేలా?"

"వాళ్లు మంచోళ్లు. నువ్వే ఉండాలంటున్నరు."

అది నిజమే. "మీరెక్కడికీ పోవద్దు, మీరు నేర్పితే మేం చేస్తాం," అని మాలతి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ మాటలో కపటం లేదు.

ఆ ఏడు మృగశిరలో మంగళవారం మంచి వాన పడింది. మన్ను పిడికిట పట్టి చూసి సత్యమ్మ ఫోన్ చేసింది. "శనివారం వస్తామమ్మా, ఆగండి. మొదటి విత్తనం మా చేత్తో వేయాలని ఉంది," అంది మాలతి. శనివారానికి పదును పోయింది. సగం విత్తనం మొలవలేదు. వాళ్లు కోప్పడలేదు, మరుసటేడు చూద్దామన్నారు. వేరే దేశం సినిమాలో చూసినట్టు మట్టి ఇల్లు కట్టించారు. భాద్రపదం వానలకు ఒక గోడ కూలింది. బోరు వేస్తే దుమ్ము లేచింది. చుట్టూ కంచె, ఇనుప గేటు మాత్రం నిలబడ్డాయి. పద్నాలుగేళ్లు తన ఇష్టానికి విత్తిన మనిషి ఆ గేటు దగ్గర కూలిమనిషిగా నిలబడి, ఈ వారం వస్తారా రారా అని ఎదురుచూసేది.

రెండో ఏడు వాళ్ల రాకపోకలు తగ్గాయి. ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు. విత్తడం కాలేదు. మూడో ఏడు గేటుకు తాళం పడింది. సత్యమ్మ ఫోన్ చేసింది.

"తాళం ఇస్తె కొర్రన్న ఏసుకుంటమమ్మా. పండింది మీకే పంపిస్త."

"అమ్మేద్దామనుకుంటున్నామమ్మా. సాగులో ఎవరైనా ఉంటే కొనేవాళ్లు వెనక్కి పోతారట. బ్రోకరు ఖాళీగా ఉంచమన్నాడు. మీ బతుకు ఇలా అవుతుందని మేం అనుకోలేదు." చెబుతూనే మాలతి ఏడ్చింది.

"పోనియ్ అమ్మా. ఏడ్వకు," అంది సత్యమ్మ.

ఎవరూ కొనలేదు. లోపల సర్కారు తుమ్మ మొలిచి నడుమెత్తు పెరిగింది.

ఇంట్లో కుండల్లో బూడిద, వేపాకు కలిపి దాచిన విత్తనాలున్నాయి. వాటిని ఏటా నేలలో వేసి తిరగదీస్తేనే బతుకుతాయి. పాస్టరును బతిమాలి చర్చి వెనక నాలుగు సాళ్ల జాగాలో చల్లింది. పది రోజులు చూసింది. కొర్ర అక్కడొకటి ఇక్కడొకటి మొలిచి మాడిపోయింది. సజ్జ మొలవనే లేదు. వేలితో మన్ను తీసి చూస్తే గింజ నల్లగా మురిగిపోయి ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో అడిగింది, అందరిదీ పత్తే. కార్లలో వచ్చి పొట్లాలు పట్టుకుపోయిన వాళ్ల నంబర్లు ఆమె దగ్గర ఏవీ లేవు. మధుకు ఫోన్ చేస్తే, తన దగ్గరున్నవి ఎప్పుడో పురుగు పట్టాయని నొచ్చుకుంటూ చెప్పాడు.

ఆమె పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి కుదిరింది. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున ఒక్కో పువ్వుకు ఇంకో పువ్వు పుప్పొడి అద్దాలి. వంగిన నడుము వంగినట్టే ఉంటుంది. యోహాను మంచం మీద కూర్చుని దగ్గుతూ ఆమె కోసం చూస్తుంటాడు.

పోయినేడు బిజినేపల్లిలో ఒక కాలేజీ వాళ్లు ఆ సినిమా వేస్తూ ఆమెను రమ్మన్నారు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సెక్కి, వనపర్తి మీదుగా పోయింది. శాలువా కప్పారు. సినిమా అయ్యాక అమూల్య అనే పిల్ల లేచి అడిగింది. "అమ్మా, ఈ ఏడు చేన్ల ఏమేసిన్రు?"

"చేను లేదు బిడ్డా. సినిమా జూసి వచ్చినోళ్లు కొన్నరు. ఇప్పుడు కంప బెరిగింది. ఇత్తనాలు గూడ సచ్చిపోయినయ్. నేను పత్తి క్రాసింగ్‌కు పోతున్న."

లెక్చరరు గబగబా మైకు అందుకుని, సత్యమ్మ జీవితం అందరికీ స్ఫూర్తి అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బయట అమూల్య ఆమె వెంట బస్టాండు దాకా వచ్చింది. "మా నాయిన గూడ చేను అమ్ముతనంటుండమ్మా. అడిగెటోళ్లు వచ్చిండ్రంట. ఏం జెప్పాలె?"

సత్యమ్మ ఆలోచించింది. చెప్పడానికి ఏదైనా దొరికితే బాగుండుననిపించింది.

"నాకు తెల్వదు బిడ్డా," అంది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరింది. సినిమా మంచిగుండెనా అని యోహాను అడిగాడు. మంచిగనే ఉండె అని చెప్పి పొయ్యి అంటించింది. మరునాడు పొద్దున పదిహేను మంది ఆడవాళ్లతో ఆటోలో పత్తి చేనుకు పోయింది. ఆ రోజు పువ్వులు బాగా విచ్చుకున్నాయి. మధ్యాహ్నం దాకా ఎవరికీ తల ఎత్తే తీరిక లేదు.