పస్తుంచాల్సిన సగం చేను

మేడ మీది నా రెండు మందార కుండీలు పోయిన వారం పసుపు తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్య ఆకు తెల్లబారుతూ వచ్చింది. వ్యవసాయ కళాశాలలో చదివినవాడికి ఇది ఇనుము లోపమని ఎవరూ చెప్పనక్కర్లేదు గాని, ఇంట్లో మాట్లాడేవాళ్లు లేనివాడికి దుకాణం దాకా నడిచి ఆ సంగతే ఇంకొకరి నోట వినడం ఒక కాలక్షేపం. దుకాణదారు నా ఫోనులోని ఫోటో చూసి, తళతళలాడే పొట్లం ఒకటి చేతిలో పెట్టి, సూక్ష్మపోషకాలన్నీ ఇందులోనే ఉన్నాయన్నాడు. పొట్లం మీద ఒక రైతు నవ్వుతున్నాడు. నా ఉద్యోగమంతా అనంతపురం జిల్లాలోనే గడిచింది. అంతగా నవ్విన రైతు నాకెన్నడూ తారసపడలేదు.

మా కాలంలో ఈ మందుకు ఇంత అలంకారం ఉండేది కాదు. ఇనుము ఉప్పే, అన్నభేది అనేవాళ్లం. లేతాకుపచ్చ పలుకులుగా గోనెసంచిలో వచ్చేది, గాలి తగిలితే తుప్పు రంగుకు తిరిగేది. ధర్మవరంలో పట్టుకు రంగులద్దేవాళ్లకూ, నాటు వైద్యులకూ అది పాత చుట్టమే. శెనక్కాయ చెట్టుకూ దాని అవసరం పడుతుందని చెప్పిరమ్మని డెబ్బైల చివర్లో నన్ను బెళుగుప్ప పక్కన ఒక ఊరికి పంపారు.

మాది తనకల్లు వైపు. జిల్లా ఒకటే అయినా ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చేసరికి నేను పరదేశినే. మేకల దొడ్డి పక్కన ఒక గది దొరికింది. ఊరు నన్ను ద్వేషించిందనలేను. అంత శ్రద్ధ ఎవరికీ లేదు. టీ అంగడిలో నేను కూర్చుంటే మాటలు ఆగేవి, గ్లాసు దించి లేస్తే మళ్లీ మొదలయ్యేవి. సాయంత్రాలు మేకలు ఇల్లు చేరే చప్పుడు వింటూ, ఈ ఊళ్లో నాకంటే వాటికే పలకరింపులు ఎక్కువని లెక్క తేల్చుకునేవాణ్ణి.

ఆ ఏడు ఆశ్చర్యంగా వాన అదునుకు కురిసింది, కురిసి ఆగనూ లేదు. చేలు చూసి మురిసే లోపలే ఆకులు పసుపు తిరిగాయి. దిష్టి తగిలిందన్నారు, చేనుచేనుకూ సున్నం బొట్లు పెట్టిన నల్ల కుండలు లేచాయి. నేలలో ఇనుము లేక కాదని, సున్నం ఎక్కువైన నేలకు తడి కూడా ఎక్కువైతే అది వేరుకు అందదని, కుండనిండా నీళ్లుండి మూత రానట్టని, అందుకే నీళ్లలో కలిపి కాస్త నిమ్మఉప్పు వేసి ఆకు మీదే కొట్టాలని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

"చెట్టుకి నోరు కింద గదప్పా ఉండేది. నువ్వేంది సారూ, నెత్తిన పోయమంటావు?" అని ఒకాయన అడిగాడు. కళాశాలలో ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

చివరికి ఒప్పుకున్నది మా గది వెనకింటి ముసలామె. భర్త పోయి ఒంటరిగా ఉండేది. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. మందు మీద నమ్మకంతో ఒప్పుకుందో, ఆమె గడపలోకి వచ్చి మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేక ఒప్పుకుందో నేను అడగలేదు. ఏర్పాటు ఏమిటంటే, సగం చేనుకు మందు కొట్టి, మిగతా సగం పోలిక కోసం అలాగే వదిలేయాలి. పై అధికారి వచ్చి తేడా కళ్లారా చూస్తే ఆ పంటకే ఊరందరికీ మందు పంపిస్తాడు. ఊరి చేలూ, ఊళ్లో నా మాటకు పుట్టబోయే విలువా, రెండూ ఆ తేడా మీదే నిలబడ్డాయి. తేడా కనబడితే టీ అంగడిలో నేను కూర్చున్నా మాటలు సాగుతాయనుకున్నాను. అంతకు మించి ఆశపడలేదు.

"ఈ పక్క చెట్లేం పాపం చేసినాయి సారూ?" అని అడిగింది, నేను పంపు దించుతుంటే.

తేడా చూపించడానికి అవి అలా ఉండాలని చెప్పాను. నా గది కురుస్తుంది కాబట్టి మిగిలిన మందు ఆమె ఇంట్లోనే పెట్టి, శిక్షణకని అనంతపురం వెళ్లి, తిరిగి అధికారి జీపులోనే వచ్చాను.

జీపు దిగి చూస్తే చేనంతా ఒకే ఆకుపచ్చ. మందు కొట్టినదని ఒక బోర్డు, కొట్టనిదని ఒక బోర్డు. అధికారి రెండింటి మధ్య నిలబడి, అటూ ఇటూ చూసి, ఇంతకీ దేనికి కొట్టావయ్యా అన్నాడు. ఊరంతా గట్టు మీద ఉంది. వంగి చూస్తే, కొట్టని సగంలో ఆకుల మీద అక్కడక్కడా మాడిన మచ్చలు. పెద్దమ్మ కొంగంతా తుప్పు మరకలు.

"ఏం చేసినావు పెద్దమ్మా?"

"ఏం చేస్తాను నాయనా. ఒక పక్కకి పెట్టి ఇంగో పక్కని పస్తు పండబెట్టమంటే నాకు చేతులాడతాయా? నువ్వు పెట్టిపోయిన మందుండె. బిందెలో కలిపి, వేపమండతో పొలి చల్లినట్ల చల్లినా."

పొలి అంటే పంట చల్లగా ఉండాలని చేనంతా తిరిగి చల్లేది. దిగుబడి కోసం కాదు, నేల మీద ప్రేమ కోసం. అది మా పాఠాల్లో లేదు.

"సారు రెండు బోర్డులకీ మందు కొట్టినాడ్రప్పా!" అని గట్టు మీద ఎవరో అన్నారు. ఊరు హాయిగా నవ్వింది. నేనా ఊరికి వచ్చాక అంతమంది ఒకేసారి నా గురించి మాట్లాడడం అదే మొదలు. అధికారి మర్యాదస్తుడు, నేను తేడా చూడడానికి వచ్చాను, తేడా లేదు, అని చెప్పి జీపెక్కాడు. చుట్టూ ఊరి చేలన్నీ పసుపుగానే ఉన్నాయి కదా, తేడా అదే కదా అన్న జవాబు జీపు కనుమరుగయ్యాక తోచింది. వినడానికి మేకలున్నాయి.

మందు రాలేదు. నాకు మాత్రం యాడికి అనే ఊరికి బదిలీ వచ్చింది. పెద్దమ్మ జొన్నరొట్టెలూ ఊరిబిండి పచ్చడీ మూటగట్టి ఇచ్చి, "ఆడైనా చెట్లని పస్తు పెట్టాకు" అని సాగనంపింది. బస్సు ఊరు దాటుతుంటే కిటికీలోంచి చూశాను. చేలల్లో జనం, చంకన బిందెలు, చేతుల్లో వేపమండలు. అన్నభేది ధర్మవరం నుంచి తెప్పించుకున్నారో ఏమో. చెట్టుకు నోరు కిందుందన్న ఆయన కూడా నెత్తినే చల్లుతున్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఎవరూ చూడలేదు, వాళ్లకు పనుంది.

ఇప్పుడు ఫోటో పంపితే రోగం పేరు వస్తుంది, మందు పొట్లంలో వస్తుంది, గాల్లో ఎగిరే యంత్రం వచ్చి గంటలో చల్లిపోతుందట. మంచిదే. చెట్లేం పాపం చేశాయని దాన్ని అడిగేవాళ్లు ఉన్నారో లేదో తెలియదు. నేను మళ్లీ ఆ ఊరికి వెళ్లలేదు. పెద్దమ్మ ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు.

నిన్న పొద్దున అలవాటు చొప్పున ఒక కుండీకి మందు కొట్టి, రెండోది పోలికకు వదిలేశాను. సాయంత్రం దానికి నీళ్లు పోస్తుంటే, పోలిక చూడడానికి ఈ మేడ ఎక్కేదెవరని తోచింది. పొట్లంలో మిగిలింది కలిపి, వేపమండ దొరక్క, చేత్తోనే చల్లాను. లుంగీ అంచుకు తుప్పు మరకలయ్యాయి. ఏం చేసినావని ఎవరైనా అడుగుతారేమోనని, దాన్ని ఇంకా ఉతకలేదు.