లైన్ చివర శానిటైజర్ సీసా

2022 చలికాలం. కరోనా తర్వాత బళ్లు నిలకడగా నడిచిన మొదటి ఏడాది. కోదాడలో ఒక కాలేజీ మైదానంలో ఉమ్మడి జిల్లా అండర్-17 బాలికల కబడ్డీ పోటీలు జరిగాయి. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను అప్పటికే రిటైరయ్యాను. అయినా రిఫరీగా పిలిస్తే ఈల మెడలో వేసుకుని బస్సెక్కేవాణ్ణి. నాకు రోజూ డైరీ రాసే అలవాటు. మామూలుగా ఒక మ్యాచ్ గురించి నాలుగైదు లైన్లు రాస్తాను. ఆ రోజుది పేజీలు దాటింది. కలం ఎంత గట్టిగా నొక్కానో, వెనక పేజీ మీద కూడా అక్షరాలు అచ్చుపడ్డాయి.

చివరి ఈల వినగానే ఆట అయిపోయిందని చూసేవాళ్లు లేచి వెళ్తారు. రిఫరీకి మాత్రం ఇంకొక పని ఉంటుంది. గెలిచిన జట్టును మధ్య గీత పక్కన వరుసగా నిలబెడతాం. ఓడిన జట్టు పిల్లలు ఒక్కొక్కరూ వాళ్లతో చేతులు కలుపుతూ దాటిపోతారు, చివరన వాళ్ల కోచ్. మా వాళ్లు దీన్ని ఉత్త ‘లైన్’ అంటారు. అప్పటిదాకా కాళ్లు పట్టి లాగి, నడుములు పట్టి పడేసి, మోచేతులు గీరుకుపోయిన పిల్లల కోపం దిగేది అక్కడే. రూల్స్ పుస్తకంలో దీనికి పెద్ద చోటు లేదు. నేను మాత్రం ఏనాడూ లైన్ లేకుండా కోర్టు ఖాళీ చెయ్యనివ్వలేదు.

ఫైనల్‌లో ఒక వైపు సూర్యాపేటలోని ఒక ప్రైవేటు బడి. ఆ బడి పేరు, కోచ్ పేరు ఇక్కడ రాయను. ఇంకో వైపు హుజూర్‌నగర్ దగ్గరి ఒక సంక్షేమ హాస్టల్ బడి. అక్కడ చదివేది ఎవరి పిల్లలో మైదానంలో ఉన్న అందరికీ తెలుసు. వాళ్ల కెప్టెన్ ఎస్తేరు మఠంపల్లి వైపు పిల్ల. వాళ్లమ్మ మిరప చేలల్లో కూలికి పోతుంది. ఎస్తేరు మంచి రైడర్, అంటే కూత పెడుతూ అవతలి కోర్టులోకి వెళ్లి పాయింట్ తెచ్చే ఆటగత్తె. ఆ రోజు చివరి రైడ్‌లో ఇద్దరిని తాకి, మూడో పిల్ల కాలు పట్టినా వదిలించుకుని, మధ్య గీత మీద చెయ్యి పెట్టింది. హాస్టల్ బడి గెలిచింది.

లైన్ పెట్టాను. ఎస్తేరు వరుస చివర నిలబడింది. సూర్యాపేట పిల్లలు తలలు వంచుకుని చేతులు కలుపుతూ వస్తున్నారు. వాళ్ల కోచ్ మాత్రం పిల్లల వెనక లేడు. లైన్ దాటి బయటికొచ్చే చోట, ఎస్తేరుకు రెండడుగుల దూరంలో, నీలం శానిటైజర్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఎస్తేరు చెయ్యి వదిలిన ప్రతి పిల్ల అరచేతిలోనూ ఒక నొక్కు. "రుద్దుకోండి, మంచిగ రుద్దుకోండి" అంటున్నాడు. ఒక చిన్న పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. ఆ చెయ్యి ముందుకు లాగి మరీ పోశాడు. కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఎస్తేరు ఒకటి చూసింది, రెండు చూసింది. అందరూ దాటాక నేరుగా ఆయన ముందుకు వెళ్లి రెండు అరచేతులూ చాపింది.

"మాక్కూడ పొయ్యండి సార్. మేం గూడ మీ పిల్లల చేతులు పట్టినం గద."

"ఏం మాట్లాడుతున్నవ్? పెద్దోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో నేర్పలేదా నీకు?"

"ఉత్త చేతులే గాదు సార్. కాళ్లు పట్టినం, నడుములు పట్టినం, అందరం గదే మట్టిల పొర్లినం. గిన్నిటికి గా సీసా సరిపోతదా?"

ఈసారి మైదానం అంతా నవ్వింది, కోచ్‌ని చూసి. ఆయన ముఖం కందగడ్డ అయింది. సీసా జేబులో కుక్కుకుని నిర్వాహకుల గదివైపు నడిచాడు.

అక్కడే ఉంది అసలు ప్రమాదం. రాష్ట్ర పోటీలకు వెళ్లే జట్టును ఆ సాయంత్రమే ప్రకటించాలి. అండర్-17లో ఎస్తేరుకు అదే చివరి ఏడాది. రాష్ట్ర స్థాయిలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో మంచి కాలేజీలో సీటుకు దారి ఉంటుంది. లేకపోతే పదో తరగతి తర్వాత ఆ పిల్ల కూడా మిరప చేలోకే.

నేను వెళ్లేసరికి పోటీల కన్వీనర్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కోదాడ వాస్తవ్యుడు, హెడ్మాస్టర్, గొడవలంటే భయం. హాస్టల్ బడి పీఈటీ సునీత మేడం గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం.

"గా పిల్లకు పొగరు సార్," అంటున్నాడు కోచ్. "నలుగురిల నా ఇజ్జత్ తీసింది. గిసొంటి దాన్ని స్టేట్‌కు పంపిస్తే జిల్లా పరువు పోతది. పేరు తీసెయ్యండి."

"పోనీలెండి సార్, పిల్ల చేత ఒక సారీ చెప్పిద్దాం. ఖతం అయిపోద్ది" అన్నాడు కన్వీనర్.

నేను కూర్చోలేదు. "ముందుగాల నీ సీసా సంగతి చెప్పు" అన్నాను కోచ్‌తో.

"కరోనా సార్. పిల్లల ఆరోగ్యం జూసుకోవద్దా?"

"పొద్దుగాల సెమీస్‌ల మిర్యాలగూడ పిల్లలతోని ఆడిన్రు. లైన్ల నువ్వే నవ్వుకుంట అందరికి చేతులిచ్చినవ్. అప్పుడేడ వెట్టినవ్ సీసా?"

"బ్యాగుల ఉండె."

"మరి ఫైనల్ టాస్ కాడ? కెప్టెన్లిద్దరు చెయ్యి కలిపిండ్రు గద."

"యాదికి రాలె సార్."

"హాఫ్ టైంల? మట్టి చేతులతోనే నీళ్లు తాగిన్రు నీ పిల్లలు. అప్పుడు గూడ యాదికి రాలేదా?"

అతను గొంతు తగ్గించాడు. "మీకేం సార్, మీరు రిటైరయిన్రు. మాకు మేనేజ్‌మెంట్ ఉంటది. పేరెంట్స్ వచ్చి కుర్చీలల్ల కూసున్నరు. ‘హాస్టల్ పిల్లలతోని అంటుకొని ఆడిపిస్తున్నరా మా పిల్లల్ని’ అని పొద్దుగాల్నే అడిగిన్రు. నేనేం జెయ్యాలె?"

ఉద్యోగభయం నేనెరగనిది కాదు. కానీ ఆ తల్లిదండ్రులకు ఆటంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాల్సినవాడు, వాళ్ల మెప్పు కోసం తన దగ్గర నేర్చుకునే పిల్లల అరచేతుల్లోనే ఆ మైలను పోశాడు. ఓడినందుకు ఏడ్చే పిల్లని ఓదార్చలేదు. పక్క పిల్లని అంటరానిదిగా చూడటం మాత్రం చేతులు రుద్దించి మరీ నేర్పాడు. దానికి ఆరోగ్యం అని పేరు పెట్టాడు.

ఎస్తేరును పిలిపించారు. మోకాలి మీద రక్తం ఇంకా ఆరలేదు.

"సారీ చెప్పెయ్ బిడ్డా," అంది సునీత మేడం. "జట్టుల పేరుంటది."

"చెప్త మేడం. దేనికని చెప్పాలె?"

"సార్‌కి ఎదురు మాట్లాడావు కదమ్మా" అన్నాడు కన్వీనర్.

"నేను శానిటైజర్ అడిగిన సార్. ఆయన ఇయ్యలె."

కోచ్ కిటికీలోంచి బయటికి చూశాడు. నేను కన్వీనర్ ముందున్న జట్టు జాబితా కాగితం ఆయన వైపు జరిపాను. "పేరు తీసెయ్యాల్నంటే కారణం రాయాలె. రాయండి. శానిటైజర్ అడిగింది అని రాయండి. ఎందుకు అడగాల్సొచ్చిందో దాని కింద నేను రాసి సంతకం పెడత. రెండు కలిపే పైకి పంపండి."

కన్వీనర్ కలం తియ్యలేదు. కాసేపటికి, "పిల్ల ఆట బాగుంది. పేరు ఉండనివ్వండి" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. సారీ ప్రసక్తి మళ్లీ రాలేదు.

బయటికొచ్చాక సునీత మేడం అంది: "గా మాట నేనంటే రేపటికి నా కాంట్రాక్ట్ ఉండది సార్." నిజమే. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఒక పిల్ల పేరు జట్టులో నిలబెట్టడానికి పోగొట్టుకునేది ఏమీ లేని ఒక ముసలివాడు కావాల్సి రావడం మీద వచ్చింది.

ఎస్తేరు రాష్ట్ర పోటీలకు వెళ్లింది. జట్టు తొందరగానే ఓడిపోయింది కానీ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ కోటాలోనే కాలేజీలో చేరింది. కోచ్ ప్రవర్తన మీద నేను విడిగా రాసి ఇచ్చిన రిపోర్టుకు ఈనాటిదాకా జవాబు లేదు. అతనికి ఏమీ కాలేదు. మరుసటి ఏడాది సూర్యాపేటలో పోటీలు పెడితే, ప్రారంభోత్సవంలో క్రీడాస్ఫూర్తి గురించి మాట్లాడమని మైకు అతని చేతికే ఇచ్చారు. ఎండలో నిలబడి పిల్లలు విన్నారు. నీడలో కూర్చుని పెద్దలు చప్పట్లు కొట్టారు.

ఆ రోజు అతని జట్టు ఆడిన మ్యాచ్‌కు రిఫరీని నేనే. అవతలి జట్టు చిలుకూరు వైపు సర్కారు బడి పిల్లలు. సూర్యాపేట జట్టు మళ్లీ ఓడింది. చివరి ఈల ఊది, "కోచ్ ముందు. పిల్లలు వెనక" అన్నాను.

"ఇదేం కొత్త రూల్ సార్? ఏ పుస్తకంల ఉంది?"

"పుస్తకంల లేదు. చేతులల్ల ఏమన్న ఉంటె కింద వెట్టి నడువు."

నడిచాడు. ప్రతి పిల్లకూ వేళ్ల కొసలు మాత్రమే అందించాడు. అతని వెనకే వచ్చిన పిల్లలు అది చూశారు. చూసి కూడా నిండుగా చేతులిచ్చారు, ఇద్దరు ముగ్గురు కౌగిలించుకున్నారు కూడా.

ఇన్నేళ్లు మేము క్రీడాస్ఫూర్తి పాఠం పిల్లలకు చెబుతూ వచ్చాం. చెప్పాల్సింది నీడలో వేసిన కుర్చీల వరుసకి. అందుకే ఇప్పటికీ నా మ్యాచ్‌లో లైన్‌కు ముందు నడిచేది కోచే. వేళ్ల కొసలిచ్చినా సరే, అది అందరి కళ్ల ముందే ఇవ్వాలి.