అక్క ఎడంచెయ్యి

పొడంపేట నుంచి వచ్చేవాడొకడు నన్ను బాక్సింగ్‌లో రెండుసార్లు ఓడించాడు. రెండుసార్లూ ఒకటే దెబ్బ. వాడిది ఎడంచేతివాటం. కుడికాలూ కుడిచెయ్యీ ముందు పెట్టి నిలబడతాడు, అసలు గుద్దు వెనకున్న ఎడంచేతిలో దాచుకుంటాడు. నేను అందరిలాగే ఎడంకాలు ముందు పెట్టేవాణ్ని. ఇద్దరి ముందుకాళ్లూ తొక్కుకుంటూ ఉండగా నా జాబ్, అంటే ముందుచేత్తో వేసే గుద్దు, వాడి చేతికి తగిలి ఆగిపోయేది. ఈలోగా వాడి ఎడంచెయ్యి నా దవడ మీద పడేది. గెలిచాక నవ్వుతూ వచ్చి భుజం తట్టేవాడు. ఆ నవ్వుకి నా ఒళ్లు మండిపోయేది. రాష్ట్ర జట్టుకి మా బరువులో ఒక్కణ్నే తీసుకుంటారు. సెలెక్షన్‌లో మళ్లీ వాడే ఎదురు.

"నీ ఎడంకాలు ఆడి కుడికాలికి బయట ఎయ్యి. ఎప్పుడూ నీ ఎడంపక్కకే తిరుగు. కుడిపక్కకి ఎల్లేవంటే ఆడి గుద్దుకి నువ్వే ఎదురెల్లినట్టు. బయట కాలు పడగానే కుడిచెయ్యి తిన్నగా ఇసురు" అన్నాడు మా కోచ్.

చెప్పడానికేం, నోరుంటే చాలు. సాధన చెయ్యడానికి ఎడంచేతివాటం మనిషి కావాలి కదా. మా జిమ్‌లో ఒక్కడూ లేడు. ఎలా ఉంటారు? బరంపురం బజార్లో మా వ్యాపారుల ఇళ్లలో అలాంటి పిల్లల్ని చిన్నప్పుడే కొట్టి మార్చేస్తారు. బోణీ ఎడంచేత్తో అందుకుంటే ఆరోజు బేరాలు ఉండవని భయం.

మా ఇంట్లో అలా మారినది అక్క. చెక్కస్కేలుతో కణుపుల మీద కొట్టినవాడు నాన్న. "నాన్నా, అక్క మళ్లీ ఎడంచేత్తో ఇచ్చింది" అని కొట్లోంచి అరిచినవాణ్ని నేను. అదొక ఆటగా ఉండేది నాకు.

సిగ్గు విడిచి అక్కనే అడిగాను.

"అప్పుడు కొట్టించేవు. ఇప్పుడు కొట్టమంటన్నావేటి" అంది. తర్వాత, "గ్లవ్స్ తే" అంది.

నాన్న భోంచేసి పడుకునే వేళ, కొట్టు వెనక గోడౌన్‌లో, బియ్యం బస్తాల మధ్య రెండు వారాలు సాధన చేశాం. ఆమెకు బాక్సింగ్ రాదు. కుడికాలు ముందు పెట్టి, మొహమాటపడకుండా ఎడంచేత్తో గట్టిగా కొట్టమన్నాను. మొదటిరోజే నా ముక్కులోంచి రక్తం వచ్చింది. అక్క క్షమించమనలేదు, ఆగలేదు. నాకూ కోపం వచ్చి ఒకరోజు ఆమె పెదవి చిట్లేలా కొట్టాను. అమ్మకి తలుపు తగిలిందని చెప్పి, మర్నాడు మళ్లీ వచ్చింది. మేమిద్దరం ఒకరినొకరు నిజంగానే కొట్టుకున్నాం. అందుకే నాకు వచ్చింది.

సెలెక్షన్ రోజు నాన్నా అక్కా వచ్చారు. మొదటి రౌండంతా వాడి కాలికి బయట కాలు వెయ్యడమే పనిగా పెట్టుకున్నాను. వాడికి విసుగొచ్చింది. రెండో రౌండ్‌లో ముందుకి తూలాడు. నా కుడిచెయ్యి వాడి రెండు చేతుల మధ్యనుంచి తిన్నగా వెళ్లి గడ్డానికి తగిలింది. పడి లేచాడుగానీ, ఇక వాడి వల్ల కాలేదు. ఈసారి నేనే వెళ్లి భుజం తట్టాను. వాడు నవ్వలేదు. నాకు ఆనందంగా ఉంది, అబద్ధమెందుకు.

"ఎవుడితో ప్రాక్టీస్ సేసేవురా?" అని అడిగాడు కోచ్. నాన్న పక్కనే ఉన్నాడు. ఆయన వెనక అక్క. ఆడపిల్ల చేత దెబ్బలు తిన్నానని పదిమందిలో చెప్పలేకపోయాను. అదీగాక, అక్క ఎడంచెయ్యి మాటెత్తితే నాన్న మొహం ఎలా మారుతుందో తెలుసు.

"అద్దం ముందు సేసేను సార్. అద్దంలో నా ఎడంచెయ్యి ఆడి కుడిచెయ్యిలాగే కనిపిస్తాది గదా" అన్నాను.

కోచ్ నా తెలివిని మెచ్చుకున్నాడు. నాన్న మీసం దువ్వుకున్నాడు. అక్క నీళ్లసీసా నా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయింది.

జట్టు జాతీయ పోటీలకి బయల్దేరే ముందు తెలిసింది, అక్కడ మొదటి మ్యాచే ఎడంచేతివాటం వాడితో అని. గ్లవ్స్ పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. బియ్యంలో రాళ్లేరుకుంటోంది, కుడిచేత్తో. తల ఎత్తలేదు.

"అద్దం ఉంది గదా" అంది. "ఎల్లి దాన్నడుగు."